దీపావళి సెలవుల్లో సముద్రపు కోటలు చూడబోతున్నారా? ముందు తిథి చూసుకోండి

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మా ధర్మాబాద్‌లో నీళ్ళంటే గోదావరే. బాభళి బ్యారేజీ తలుపులు జులై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తే ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందుకే నది ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు నిలుస్తుందో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఎగువన విష్ణుపురి ఆనకట్ట నుండి ఎక్కువ నీళ్ళు వదిలితే ఆ కబురు మనకు నీటికంటే ముందే చేరుతుంది. సముద్రం ఏ కబురూ పంపదు. చినుకు పడకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా అది రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది.

ఈ తేడా మనవాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. నాందేడ్, బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ వైపు నుండి దీపావళి సెలవులు రాగానే కుటుంబాలకు కుటుంబాలు పన్వేల్ రైలెక్కి, అక్కడినుండి ఎస్టీ (ప్రభుత్వ) బస్సులో కొంకణ్ తీరంలోని అలీబాగ్ చేరి, కొలాబా కోట, రేవ్‌దండా, మురుడ్ జంజీరా చూసి వస్తున్నాయి. చూడవలసిన చోట్లే, తప్పకుండా వెళ్ళండి. కానీ నది ఒడ్డున పెరిగిన ధైర్యంతో సముద్రంలో అడుగు పెట్టకండి. నేను పెట్టాను. అందుకే ఈసారి మీరు టికెట్లు కొనకముందే ఇది రాస్తున్నాను.

ఏడేళ్ళ కిందట కార్తీక శుద్ధ నవమి నాడు మేం తొమ్మిది మందిమి అలీబాగ్ ఒడ్డుకు చేరాం. కొలాబా కోట ఎదురుగా సముద్రంలో కనిపిస్తోంది. శివాజీ మహారాజు 1680లో కట్టించడం మొదలుపెట్టిన కోట అది. తర్వాత మరాఠా నౌకా సేనాని కాన్హోజీ ఆంగ్రే దళానికి స్థావరమైంది. నీళ్ళు తగ్గినప్పుడు ఒడ్డు నుండి నడిచే వెళ్ళవచ్చు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నీళ్ళు మోకాలి కిందే ఉన్నాయి. గుర్రపు బండ్లు తిరుగుతున్నాయి, జనం నవ్వుకుంటూ నడుస్తున్నారు. మేమూ నడిచాం. కోటలో రాఘోజీ ఆంగ్రే 1759లో కట్టించిన గణపతి గుడి ఉంది. మా అత్తయ్య అక్కడ కూర్చుని అథర్వశీర్షం మొత్తం చదువుకున్నారు. చుట్టూ ఉప్పునీళ్ళు ఉన్నా కోట లోపలి బావిలో మంచినీళ్ళు ఉండటం చూసి పిల్లలు అక్కడినుండి కదలలేదు. మేం కోట వాకిలి దాటి బయటికి వచ్చేసరికి మూడు దాటింది.

నీళ్ళు చూడటానికి అలాగే ఉన్నాయి. అలల్లో హోరు లేదు, రంగు మారలేదు. దిగి పది అడుగులు వేయగానే నడుము దాకా వచ్చాయి. అత్తయ్య కట్టుకున్నది తొమ్మిది గజాల నూలు చీర. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుపోయి ఆమె అడుగు ఎత్తలేకపోయారు. ఇద్దరం చెరో రెక్క పట్టుకున్నా కింద ఇసుక జారిపోతూనే ఉంది. అక్కడ గుల్లలు ఏరుకుంటున్న ఒక కోళీ మౌశి (జాలరి ఆవిడ) గట్టిగా కేకేసింది, "దాదా, భరతి మొదలైంది. ముసలావిడను తీసుకుని వెనక్కి వెళ్ళు, ముందుకు పోవద్దు" అని. భరతి అంటే పోటు. మెట్ల దగ్గరికి తిరిగి వచ్చాక ఆమె కోట గోడను వేలితో చూపించింది. నల్లటి రాళ్ళ మీద తెల్లగా, గరుకుగా చిన్నచిన్న గుల్లలు అతుక్కుని ఉన్నాయి. అవన్నీ ఒక ఎత్తు దాకా వచ్చి, గీత గీసినట్టు అక్కడితో ఆగిపోయాయి. ఆ గీత నా తలకంటే పైన ఉంది. నీళ్ళు తడపని చోట ఆ గుల్లలు బతకవు. అంటే నేను నిలబడిన చోట పెద్ద పోటు నిండితే అంత లోతు నీళ్ళు ఉంటాయన్నమాట. సూర్యుడు దిగే వేళకు ఒక పడవ వచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది.

ఏ సముద్రపు కోటకు వెళ్ళినా మొదట ఆ తెల్ల గీతను వెతకండి. పిల్లలకు చూపించండి. ఏ హెచ్చరిక బోర్డూ అంత స్పష్టంగా చెప్పలేదు.

తిథితో లెక్క

నీళ్ళు పొంగే పోటును మరాఠీలో భరతి అంటారు, వెనక్కి తగ్గే ఆటును ఓహోటి అంటారు. అక్కడ ఎవరిని అడిగినా ఈ రెండు మాటలే వినిపిస్తాయి కాబట్టి గుర్తుంచుకోండి. కొంకణ్ జాలరులు భరతి వేళను తిథితోనే కడతారు. తిథి సంఖ్యను ముప్పావుతో హెచ్చిస్తే పోటు నిండే గంట వస్తుంది. చవితి అయితే నాలుగు ముప్పావులు మూడు, అంటే సుమారు మూడు గంటలకు పోటు. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి. ఆరుంబావు గంటలు అటో ఇటో జరిపితే ఆటు వేళ వస్తుంది. శుక్ల పక్షమైనా కృష్ణ పక్షమైనా లెక్క ఒకటే. మన పంచాంగమూ మరాఠీ పంచాంగమూ రెండూ అమావాస్యతో నెల ముగించేవే కనుక తికమక ఉండదు.

ఇది అంచనా మాత్రమే. గంట దాకా తేడా రావచ్చు, అసలు వేళ సాధారణంగా ఈ లెక్క కంటే కాస్త ఆలస్యంగానే ఉంటుంది. ముంబయి ఆటుపోట్ల వేళలు ఫోనులో దొరుకుతాయి, అలీబాగ్ వేళలు వాటికి చాలా దగ్గరగా ఉంటాయి. వెళ్ళే రోజు వాటిని చూసి కాగితం మీద రాసుకోండి. తిథి లెక్క ఇంట్లో కూర్చుని ఏ రోజు బయలుదేరాలో తేల్చుకోవడానికి.

దీపావళికి ఈ లెక్క చాలా ముఖ్యం. లక్ష్మీపూజ అమావాస్య నాడు, అంటే పదిహేనో తిథి నాడు కదా. ఆ రోజు, దాని అటూ ఇటూ రెండు రోజులు, పోటు మిట్టమధ్యాహ్నం వస్తుంది. పొద్దున్నే టిఫిన్లు కానిచ్చి పదకొండు గంటలకు ఒడ్డుకు చేరేవాళ్ళకు దారే కనిపించదు. ఆటు పొద్దున ఆరింటి ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం ఆరు దాటాక ఒకసారి. సాయంత్రం ఆటులో నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, ఇసుక బయటపడుతుంది, చూడటానికి ఎంతో ఆశగా ఉంటుంది. కానీ ఆ నెలలో ఆరింటికే సూర్యాస్తమయం. చీకట్లో కోటకు నడిచి, చీకట్లో పెరిగే నీటికి ఎదురు రావడం ప్రాణాలతో ఆడుకోవడమే. సాయంత్రం ఆటును ఒడ్డు నుండే చూడండి.

నా మాట వింటే తదియ నుండి పంచమి లోపల ఒక రోజు పెట్టుకోండి. అమావాస్య బలం ఇంకా తగ్గదు కాబట్టి నీళ్ళు బాగా లోపలికి పోతాయి, ఆటు పొద్దున ఎనిమిదిన్నర నుండి పదిన్నర మధ్య వస్తుంది. వెలుతురు ఉంటుంది, ఎండ ముదరదు. అష్టమి, నవమి రోజుల్లో ఆటు మధ్యాహ్నం పడుతుంది, వేళ అనుకూలంగా అనిపిస్తుంది. కానీ ఆ తిథుల్లో సముద్రం పూర్తిగా వెనక్కి పోదు. ఎంత తగ్గినా మోకాలి దాకా నీళ్ళు మిగిలే ఉంటాయి. మేం పొరపడింది అక్కడే. మోకాలి లోతు దగ్గర మొదలైన నీళ్ళు నడుము దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు.

నీళ్ళు పెరగడంలోనూ ఒక తీరు ఉంది. పోటు ఆరు గంటల్లో నిండుతుంది, కానీ ప్రతి గంటా సమానంగా పెరగదు. మొత్తం పన్నెండు పాళ్ళు అనుకుంటే మొదటి గంటలో ఒక పాలు, రెండో గంటలో రెండు, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మూడేసి, ఆ తర్వాత రెండు, చివర ఒకటి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ నీరు 4 మీటర్లు పెరగడం మామూలే. అంటే మొదటి గంటలో అడుగు మాత్రమే పెరుగుతుంది, మూడో గంటలో ఏకంగా మీటరు. మొదటి గంట చూసి "ఇంకా టైముంది" అనుకున్నవాళ్ళు మూడో గంటలో చిక్కుకుంటారు.

కాబట్టి ఆటు వేళకు గంటన్నర ముందు, నీళ్ళు ఇంకా వెనక్కి పోతుండగానే దిగండి. ఆటు వేళకు కోట వాకిలి బయట ఉండండి. అది తిరుగు ప్రయాణం మొదలుపెట్టే వేళ అని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. పూజ మిగిలితే మిగలనివ్వండి, నమస్కారం చేసుకుని బయలుదేరండి. ఒకవేళ చిక్కుకుపోతే కోటలోనే ఉండిపోండి. పడవ దొరికితే పడవలో రండి, లేకపోతే తర్వాతి ఆటుకు, అది పగలైతేనే నడవండి. రాత్రంతా రాతి అరుగు మీద కూర్చోవలసి వచ్చినా ప్రాణానికి ముప్పు లేదు. నీళ్ళకు ఎదురు నడవడమే ముప్పు. అత్తయ్యలకు, వదినలకు ఒక్క మనవి. ఆ రోజుకు చీర వద్దు, సల్వార్ కమీజు వేసుకోండి. కాళ్ళకు పట్టీ ఉన్న చెప్పులు ఉండాలి. ఇసుక మధ్య రాళ్ళుంటాయి, వాటి మీది గుల్లలు బ్లేడులా కోస్తాయి.

గోడల లోపలి ఊరు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రేవ్‌దండా. అలీబాగ్‌కు దక్షిణాన 17 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పోర్చుగీసువాళ్ళు గోడలు కట్టుకున్న రేవు పట్టణం. 1739లో పోర్చుగీసుల వసై కోట మరాఠాల వశమయ్యాక, మరుసటి ఏడాది ఇదీ వాళ్ళ చేతికి వచ్చింది. అలీబాగ్ నుండి వచ్చే రోడ్డు కోట గోడను దాటుకునే ఊళ్ళోకి ప్రవేశిస్తుంది. లోపల కొబ్బరి, పోక తోటలు, మధ్యలో ఇళ్ళు, ఆ ఇళ్ళ వెనక కూలిపోయిన చర్చి గోడలు. పక్కనే ఉన్న పాత రేవు చౌల్. 15వ శతాబ్దంలో రష్యా నుండి వచ్చిన వర్తకుడు అఫనాసీ నికితిన్ ఈ చౌల్‌లోనే దిగి, వానాకాలమంతా జున్నర్‌లో గడిపి, ఆ తర్వాత మన దెగ్లూరుకు పొరుగునున్న బీదర్‌కు చేరాడు. వానలు వెలిసేదాకా ఆగిన ఆ మనిషి ఓపిక మనకూ ఉండాలి.

ఎందుకంటే వానలు వెలిసినా వాటి ప్రభావం గోడల మీద కార్తీకం దాకా ఉంటుంది. నాలుగు నెలలు తడిసిన రాయి మీద పాచి ఎండిపోయి నల్లగా, రాతి రంగులోనే కనిపిస్తుంది. పొద్దున మంచు పడగానే అది మళ్ళీ జారుతుంది. గోడ పైన మోకాలెత్తు గడ్డి పెరిగి అంచు ఎక్కడుందో తెలియనివ్వదు. మర్రి, రావి వేళ్ళు రాళ్ళను విడదీసి ఉంటాయి. చూపుకు గట్టిగా కనిపించే రాయి అడుగు పెడితే ఊగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లలతో వెళ్ళినవాళ్ళు గోడ ఎక్కనక్కర్లేదు. గోడ గొప్పతనం కింద నిలబడి తలెత్తి చూస్తేనే తెలుస్తుంది. ఎక్కక తప్పదనుకుంటే గోడ మధ్యలోనే నడవండి. ఫొటో తీసేవారు ఒకచోట నిలబడి తీయాలి, వెనక్కి అడుగులు వేస్తూ తీయకూడదు. మెరుపు కనిపించినా, ఉరుము వినిపించినా వెంటనే దిగండి. వానలు వెళ్ళిపోయే రోజుల్లో సాయంత్రాలు పిడుగులు పడతాయి.

కొబ్బరి చెట్ల కింద దుప్పటి పరిచి భోజనానికి కూర్చోవడం మనవాళ్ళకు సరదా. మన చింత చెట్టు కింద కూర్చున్నట్టు అక్కడ కూర్చోకూడదు. ఎండిన కాయ, బరువైన మట్ట ఏ క్షణంలోనైనా రాలతాయి. తోటల్లో వరలు తక్కువ ఎత్తున్న పాత బావులు ఉంటాయి కాబట్టి దాగుడుమూతలు వద్దు. అవి ఒకరి పెరళ్ళు కూడా. అడిగి వెళ్ళండి, కాయ ముట్టుకోకండి.

సముద్రం వైపు గోడ వెంట ఇసుకలో నడక బాగుంటుంది. కానీ పోటులో అలలు గోడనే తాకుతాయి. ఎడమ పక్కన గోడ, కుడి పక్కన నీళ్ళు, మధ్యలో సన్నబడుతున్న ఇసుక. వాకిళ్ళు చాలా తక్కువ. ఆ నడక కూడా ఆటు లెక్క ప్రకారమే చేయాలి, ఎక్కడినుండి లోపలికి రావచ్చో ముందే చూసుకోవాలి.

కూలిన గదుల్లో, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి. కొంకణ్‌లో ఫుర్సే అనే చిన్న పింజరి పాము ఎక్కువ. జానెడు మూరెడు పొడవుంటుంది, మట్టి రంగులో కలిసిపోతుంది, కానీ విషం ప్రమాదకరం. కాటు వేస్తే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయవద్దు. కాలు కదలకుండా ఉంచి వాహనంలో ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాము విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, మంత్రగాడి దగ్గర ఉండదు.

కుండలికా నది సముద్రంలో కలిసేచోట, ఆవలి గట్టున కోర్లయి ఉంది. కోట కొండ మీద ఉంటుంది. ఎండు గడ్డి మీద దిగేటప్పుడు జారుతుంది, అదొక్కటే జాగ్రత్త. ఆ ఊళ్ళో కొన్ని కుటుంబాలు నేటికీ పోర్చుగీసు నుండి పుట్టిన భాష మాట్లాడుకుంటాయి. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, ఇంట్లో మాత్రం అమ్మ నేర్పిన మాట. ధర్మాబాద్‌లో తెలుగు మాట్లాడే మనకు వాళ్ళను చూస్తే మనసు కదులుతుంది. వెళ్తే పలకరించి రండి.

పడవలు, స్నానాలు

జంజీరాకు రాజపురి రేవు నుండి తెరచాప పడవల్లో వెళ్ళాలి. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల కోట, 1948లో భారతదేశంలో విలీనమయ్యే దాకా ఏ దండయాత్రకూ లొంగలేదు. వానాకాలంలో పడవలు నిలిపివేస్తారు. దీపావళికి నడుస్తుంటాయి, జనం మాత్రం విపరీతంగా ఉంటారు. నిండిన పడవ ఎక్కకండి, తర్వాతి దానికి ఆగండి. లైఫ్ జాకెట్ ఒడ్డునే తొడుక్కుని పట్టీ బిగించుకోండి, పిల్లల దానికి కాళ్ళ మధ్యగా వెళ్ళే పట్టీ ఉందో లేదో చూడండి. కోట వాకిలి దగ్గర పడవ పైకీ కిందికీ ఊగుతుంటుంది, మెట్లు పాచిపట్టి ఉంటాయి. పడవ పైకి లేచిన క్షణంలో అడుగు వేయాలి. చేయి అందించేవాళ్ళు వేళ్ళు పట్టుకోకూడదు, ముంజేయి పట్టుకోవాలి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు ఒరగవద్దు.

స్నానాల సంగతి గట్టిగా చెప్పాలి. 2016 ఫిబ్రవరి 1న మురుడ్ తీరంలో పుణె నుండి విహారానికి వచ్చిన 14 మంది విద్యార్థులు మునిగిపోయారు. అది వానాకాలం కాదు, తుఫాను లేదు, పట్టపగలు. గోదావరిలో ఈత వచ్చిందని ధైర్యపడే కుర్రాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ఒడ్డున నిలబడి కాసేపు అలలను గమనించండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు నెమ్మదిగా ఉందని అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పరుగెత్తే పాయ అది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి, గజ ఈతగాడు కూడా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ ఒక చేయి ఎత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగేచోట బయటికి రండి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాపాడటానికి దూకకండి. తాడో, ఖాళీ నీళ్ళ డబ్బానో విసరండి. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఒక మనిషిని తేల్చి ఉంచగలదు, అందుకే మా ఇంట్లో అది సంచిలో మొదట సర్దే వస్తువు.

లోతులేని నీళ్ళలో కాళ్ళు ఈడుస్తూ నడిస్తే ఇసుకలో పడుకున్న, తోకలో ముల్లుండే టేకు చేపలు తప్పుకుంటాయి. నీలం రంగు బుడగలా ఒడ్డున పడి ఉండే జీవిని పిల్లలు ముట్టుకోకుండా చూడండి. అది వానాకాలంలో ఎక్కువ. కుడితే రుద్దకుండా సముద్రపు నీళ్ళతోనే కడిగి, ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి.

ఎండ విషయంలో మనవాళ్ళు మోసపోతారు. నాందేడ్‌లో 44 డిగ్రీలు చూసినవాళ్ళకు అక్కడి 34 లెక్కలోకి రాదు. కానీ ఆ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దాహం వేయకముందే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగుతూ ఉండండి. ముసలివాళ్ళు మాట తడబడినా, చెమట ఆగిపోయినా వెంటనే నీడకు చేర్చి ఒళ్ళు తడపండి.

బయలుదేరే ముందు ఇంకొక్క ఏర్పాటు చేసుకోండి. ప్రతి గుంపులో ఒక పెద్దమనిషి ఒడ్డునే ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ బాధ్యత అత్తయ్య అడిగి మరీ తీసుకున్నారు. లోపలికి వెళ్ళినవారి పేర్లు, ఆటు వేళ, తిరిగి రావలసిన వేళ ఒక కాగితం మీద ఆమె దగ్గర ఉంటాయి. ఫోను పొడిగా ఆమె దగ్గరే ఉంటుంది. రావలసిన వేళ దాటి అరగంట అయితే ఆమె ఎవరినీ అడగరు, ఫోను చేసేస్తారు. పోలీసులకు 112, సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం 1554, అంబులెన్సుకు 108. ఈ మూడు నంబర్లు ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాసి, తడవకుండా పాలిథీన్ కవరులో పెట్టి ఇవ్వండి.